సినిమా మీదే, ఆర్ఆర్ కూడా మీదే అయితే

ప్రశ్న: నాది ఖమ్మం. వయసు ముప్పై. చిన్నప్పటి నుంచి వయొలిన్ నేర్చుకుని డిప్లొమా చేశాను. హైదరాబాద్ వచ్చి నాలుగేళ్లు అసిస్టెంట్ డైరెక్టర్‌గా పనిచేశాను. సాయంత్రాలు పిల్లలకు వయొలిన్ క్లాసులు చెప్తాను, ఇంటి అద్దె వాటితోనే గడుస్తోంది. ఇరవై రెండు నిమిషాల షార్ట్ ఫిల్మ్ ఒకటి తీసి సంగీతం కూడా నేనే చేసుకున్నాను. అది చూసి ఒక నిర్మాత నా కథతో అరవై లక్షల్లో సినిమా చేద్దామన్నారు. మిర్చి యార్డులో కూలికి పోయే తల్లి, ఊరు విడిచి వెళ్లిపోయిన కూతురు - అదీ కథ. మూడు పాటలకు ట్యూన్లు, తల్లికి ఒక థీమ్ ఇప్పటికే కట్టుకున్నాను. క్లైమాక్స్‌లో, వేలంపాట జరుగుతుండగా తల్లికి ఫోన్ వస్తుంది. అక్కడ మాటలేమీ లేకుండా మూడు నిమిషాలు నా వయొలిన్ ఒక్కటే వినిపించాలని నా కోరిక. నిర్మాత మాత్రం సంగీతం పేరున్న వాళ్లతోనే చేయిద్దామంటున్నారు. "ఆడియో అమ్ముడుపోవాలి కదమ్మా, నువ్వు డైరెక్షన్ చూసుకో చాలు" అంటారు. గట్టిగా పట్టుబడితే "సరే నువ్వే చెయ్, కానీ దానికి విడిగా డబ్బుండదు" అన్నారు. రెండు పడవల మీద కాళ్లు పెట్టొద్దని మా అన్నయ్య గొడవ. అసలు రెండూ చేసి నిలబడినవాళ్లున్నారా? నేనేం చేయాలి? ఇంకో చిన్న సందేహం: రెండూ నేనే చేస్తే టైటిల్స్‌లో నా పేరు రెండుసార్లు వేసుకోవడం బాగుంటుందా?
- ఒక పాఠకురాలు

సమాధానం: ముందు తేల్చి చెప్పేస్తాను, కారణాలు తర్వాత. ఆర్ఆర్ (రీ-రికార్డింగ్, అంటే సీన్ల వెనక వినిపించే నేపథ్య సంగీతం) మీరే చేయండి. మూడు పాటల్లో ఒకటి నిర్మాతగారు కోరుకున్న పేరున్న మనిషికి వదిలేయండి. సంగీతానికి విడిగా అగ్రిమెంటు రాసుకోకుండా మాత్రం ఒక్క ట్యూన్ కూడా చేతికివ్వకండి. ఇక ఆ క్లైమాక్స్ వయొలిన్ సంగతి వేరే మాట్లాడుకోవాలి, అక్కడ నాకు మీతో పేచీ ఉంది.

రెండూ చేసి నిలబడినవాళ్లున్నారా అని అడిగారు. ఎక్కడికో పోనక్కర్లేదు, ఎస్.వి.కృష్ణారెడ్డిగారు ఉన్నారు కదా. 1991లో 'కొబ్బరి బోండాం'కి సంగీతం చేశారు. 1993లో 'రాజేంద్రుడు గజేంద్రుడు'తో దర్శకుడయ్యారు. ఆ తర్వాత 'మాయలోడు', 'యమలీల', 'శుభలగ్నం' - అన్నింటికీ దర్శకత్వం ఆయనదే, బాణీలూ ఆయనవే. అప్పటిదాకా కమెడియన్‌గానే తెలిసిన ఆలీని హీరోగా పెట్టి తీసిన 'యమలీల' ఎలా ఆడిందో మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి, చెప్తారు. హిందీలో విశాల్ భరద్వాజ్ కూడా అంతే. 1996లో 'మాచిస్' పాటలతో పేరొచ్చింది, 2002లో 'మక్డీ'తో మెగాఫోన్ పట్టాడు, ఆ తర్వాత తన సినిమాలకు తానే సంగీతం చేసుకుంటూ వచ్చాడు.

అయితే ఒక తేడా గమనించండి. వీళ్లిద్దరూ సంగీతం వైపు నుంచి దర్శకత్వానికి వచ్చారు. బాణీల మీద నమ్మకం కుదిరాక సినిమా చేతికందింది. మీ నిర్మాత రెండు నమ్మకాలూ ఒకేసారి మీ మీద పెట్టాలి, అదీ మొదటి సినిమాకే. అరవై లక్షలు పెట్టే మనిషికి ఆ బెరుకు ఉండటం న్యాయమే. ఆయన్ని విలన్‌ను చేసుకుని మాట్లాడటం మొదలుపెడితే మీ పని చెడుతుంది.

పాటల గురించి కంటే ఆర్ఆర్ గురించి నాకు ఎక్కువ చెప్పాలనుంది, ఎందుకంటే మీలాంటి చిన్న సినిమా నిలిచేదీ కూలేదీ అక్కడే. దానికి సత్యజిత్ రే దగ్గరికి వెళ్లాలి. 1955లో 'పథేర్ పాంచాలి'కి ఆయన సంగీతం చేయలేదు, రవిశంకర్ చేశారు. రవిశంకర్‌కు తీరిక లేక ఒక్క రాత్రిలో, దాదాపు 11 గంటలపాటు కూర్చుని రికార్డింగ్ మొత్తం ముగించారు. తర్వాత 'జల్సాఘర్'కి విలాయత్ ఖాన్, 'దేవి'కి అలీ అక్బర్ ఖాన్. ఇంతటి మహానుభావులతో పనిచేశాక, 1961లో 'తీన్ కన్యా' నుంచి రే తన సంగీతం తానే చేసుకోవడం మొదలుపెట్టారు. ఆ విద్వాంసులు తక్కువవాళ్లని కాదు. వాళ్లు కచేరీ మనుషులు. రాగాన్ని నిదానంగా విప్పుకుంటూ పోవడం వాళ్ల అలవాటు, సినిమాకేమో నలభై సెకన్ల ముక్క కావాలి, తలుపు తెరుచుకునేసరికి అది ఆగిపోవాలి. వాళ్ల దృష్టి సంగీతం మీద, ఆయన దృష్టి సినిమా మీద.

ఇప్పుడు మీ ఉత్తరం మళ్లీ చదువుకోండి. "మాటలేమీ లేకుండా మూడు నిమిషాలు నా వయొలిన్ ఒక్కటే." ఈ వాక్యం రాసింది దర్శకురాలు కాదు, ఏళ్ల తరబడి సాధన చేసిన విద్వాంసురాలు. రే ఏ కచేరీ మనిషిని పక్కన పెట్టడానికి సొంతంగా సంగీతం మొదలుపెట్టారో ఆ మనిషి మీ విషయంలో బయట లేదు, మీలోనే ఉంది. ఆవిడను అదుపులో పెట్టగలిగితే మీకంటే ఆ సినిమాకు తగిన సంగీత దర్శకులు దొరకరు. లేకపోతే నిర్మాత చెప్పిందే నయం.

ఆ 'పథేర్ పాంచాలి'లోనే ఒక చోటు ఉంది, మీకు తెలిసే ఉంటుంది. చాలాకాలం తర్వాత ఇంటికొచ్చిన తండ్రి తెచ్చిన వస్తువులు ఒక్కొక్కటే తీసి చూపిస్తుంటాడు. కూతురి కోసం తెచ్చిన చీర ఇస్తాడు. కూతురు లేదని అతనికింకా తెలీదు. చీర పట్టుకున్న తల్లి ఒక్కసారి కూలబడి ఏడుస్తుంది. ఆ ఏడుపు మనకు వినపడదు. ఆ గొంతు స్థానంలో తార్ షెహనాయి తారస్థాయిలో మోగుతుంది. అది కూడా కమానుతో వాయించే వాద్యమే, మీకు దగ్గరి చుట్టం. వాయించింది వేరొకరు, సంగీతం రవిశంకర్‌ది. కానీ గొంతు తీసేసి వాద్యం పెట్టాలన్న నిర్ణయం దర్శకుడిది. అదెంతసేపు ఉంటుందో కూడా చూడండి. మూడు నిమిషాలు కాదు, ఏడుపెంతసేపో అంతే. అంతకుముందు ఆ సన్నివేశంలో సంగీతం ఊపిరి బిగబట్టుకుని ఉండబట్టే అది మనల్ని అలా కోసేస్తుంది.

మీ క్లైమాక్స్‌కు వద్దాం. మిర్చి యార్డంటే నిశ్శబ్దంగా ఉండే చోటు కాదు. వేలం పాడేవాడి గొంతు, బస్తా దించిన చప్పుడు, కాటా దగ్గర కేకలు, ఘాటుకు ఆగని దగ్గులు, తుమ్ములు. ఇన్నిటి మధ్య తల్లికి ఫోన్ వస్తుంది. ఇవన్నీ కట్ చేసి వయొలిన్ పెడితే అది ఏ సినిమాలోనైనా ఉండే క్లైమాక్స్ అవుతుంది. నేనైతే ఫోన్ పెట్టేసేదాకా సంగీతమే పెట్టను. రేటు పెరుగుతూ పోతున్న ఆ వేలం గొంతునే వినిపిస్తాను. వయొలిన్ కావాలంటే ఆమె మళ్లీ సూది చేతిలోకి తీసుకుని బస్తా మూతి కుట్టడం మొదలుపెట్టాక, అదీ ఇరవై సెకన్లు. మీ థీమ్ మొత్తం కాదు, మొదటి నాలుగు స్వరాలు చాలు. మీరు ఒప్పుకోకపోవచ్చు, సినిమా మీది. కానీ ఈ వాదన మీకూ ఒక బయటి సంగీత దర్శకుడికీ మధ్య జరిగి ఉంటే మీరే నా వైపు మాట్లాడి ఉండేవారు కదా? అదే అసలు ఇబ్బంది. ఇద్దరూ మీరే అయినప్పుడు ఆ వాదన జరగదు.

అందుకే మూడో మనిషి కావాలి. అమెరికాలో దర్శకుడు జాన్ కార్పెంటర్ చేసింది గుర్తు పెట్టుకోదగ్గది. 1978లో 'హాలోవీన్' అనే హారర్ సినిమా తీసినప్పుడు ఆయన చేతిలో పెద్ద సంగీత దర్శకుడికి ఇచ్చేంత డబ్బు లేదు. తండ్రి సంగీతం ప్రొఫెసర్. చిన్నప్పుడు బాంగోల మీద కొడుకుకు నేర్పిన ఐదు లెక్క ఒకటుంది, మన ఖండచాపులాగే ఐదింటి లెక్క. ఆ లెక్కనే పియానో మీద పెట్టి, మూడు రోజుల్లో మొత్తం సంగీతం చేసేశాడు. అంతకుముందు సంగీతం లేని కాపీని ఒక పెద్ద స్టూడియోలోని అధికారిణికి చూపిస్తే ఆవిడకు అస్సలు భయం వేయలేదట. సంగీతం పెట్టాక ఆవిడే మాట మార్చుకుందని ఆయనే చెప్పుకున్నాడు. ఆ కథ అందరూ చెప్తారు. నాకు అంతకంటే ముఖ్యమనిపించేవి రెండు. 1981 నుంచి ఆయన ఒక్కడే కూర్చోవడం మానేసి, అలన్ హోవార్త్ అనే సింథసైజర్ తెలిసిన మనిషిని పక్కన పెట్టుకున్నాడు. రెండోది, 1982లో 'ది థింగ్' తీసినప్పుడు సంగీతం ఇటలీ సంగీత దర్శకుడు ఎన్నియో మొర్రికోనికి అప్పగించాడు. తాను చేయగలడు, అయినా ఇచ్చాడు. మన పక్కనే తమిళంలో గంగై అమరన్ ఉన్నారు. స్వయంగా సంగీత దర్శకుడై ఉండి 1989లో 'కరగాట్టక్కారన్' తీసినప్పుడు అన్న ఇళయరాజాకు వదిలేశారు. ఆ సినిమా తమిళనాడును ఊపేసింది. ప్రతి సినిమాకూ నేనే చేసి తీరాలన్న పట్టు వీళ్లెవరికీ లేదు. ఈ కథకు మీరు తగినవారు గనక చేస్తున్నారు, వచ్చే కథకు కాకపోవచ్చు.

మీ మూడో మనిషి ఎడిటర్ అయితే మేలు. ముందే ఒప్పందం చేసుకోండి: పిక్చర్ లాక్ అయ్యేదాకా, అంటే ఎడిటింగ్ ఖరారై ఇక షాట్లు మారవనేదాకా, టైమ్‌లైన్ మీద మీ థీమ్ పెట్టకూడదు. తాత్కాలికంగా పెట్టుకునే వేరేవాళ్ల సంగీతం (టెంప్ ట్రాక్) కూడా వద్దు. సంగీతం లేకుండానే సినిమా నిలబడాలి. మీ ట్యూన్ ముందే తెలుసు కాబట్టి షాట్‌ను ఆ ట్యూన్ పొడవుకు సాగదీయడం మీకు తెలియకుండానే జరుగుతుంది. షార్ట్ ఫిల్మ్‌లో ఒకచోట అలా జరిగే ఉంటుందని పందెం కాస్తాను. తెరమీద పాడే పాటకు మాత్రం ఇది వర్తించదు, దానికి ట్యూన్ ముందు రికార్డు కావాల్సిందే. ఇటలీ దర్శకుడు సెర్జియో లియోనీలాంటివాళ్లు ముందే రికార్డు చేయించిన సంగీతాన్ని సెట్‌లో వినిపిస్తూ షూట్ చేశారని మీరు నాతో వాదించొచ్చు. నిజమే. ఆయన షూటింగుకున్న రోజులు మీకు లేవు.

ఇంకో చిక్కు క్యాలెండర్‌ది. షూటింగ్‌లో సంగీత దర్శకురాలికి పనుండదు. పోస్ట్ ప్రొడక్షన్‌లో డబ్బింగ్, డీఐ (రంగులు సరిదిద్దే పని), సౌండ్ ఎఫెక్ట్స్, కంప్యూటర్ గ్రాఫిక్స్ ఏమైనా ఉంటే అదీ, ఆర్ఆర్ అన్నీ ఒకేసారి మీద పడతాయి. పగలు డబ్బింగ్ థియేటర్‌లో ఒకే డైలాగ్ ముప్పైసార్లు విన్న చెవితో రాత్రి వయొలిన్ వాయిస్తే ఏది బాగుందో ఏది లేదో తెలియదు. అందుకని థీమ్‌లు, వాటి రకరకాల రూపాలు షూటింగుకు ముందే స్కెచ్‌లుగా రికార్డు చేసి పెట్టుకోండి. లాక్ అయ్యాక వాటిని సీన్లకు అమర్చడానికి ఒక కీబోర్డ్ ప్రోగ్రామర్‌ను డబ్బిచ్చి పెట్టుకోండి. మొహమాటానికి వచ్చి పనిచేసే స్నేహితుడు వద్దు. డబ్బు తీసుకున్న మనిషే "ఇది బాలేదు మేడమ్" అనగలడు.

మాటలు, సంగీతం, చప్పుళ్లు అన్నీ కలిపే ఫైనల్ మిక్స్‌లో ఒకసారి చూశాను, పేరెందుకు. దర్శకుడే సంగీతం చేసుకున్న సినిమా. హీరోయిన్ మెల్లగా మాట్లాడే సీన్, కింద తీగవాద్యం. మిక్సింగ్ ఇంజినీర్ సంగీతం కాస్త తగ్గించిన ప్రతిసారీ వెనక కుర్చీలోంచి "కొంచెం పెంచండి" అని వినపడేది. ఆ సినిమా చూసి బయటికొచ్చినవాళ్లు "ఆ అమ్మాయి ఏమందండీ?" అని పక్కవాళ్లను అడగడం నా చెవులతో విన్నాను. మీకిది మరీ ముఖ్యం. వయొలిన్ కింది తీగ పాశ్చాత్య శ్రుతిలో 196 హెర్ట్జ్, మన శ్రుతిలో పెట్టుకున్నా చాలావరకు ఆ చుట్టుపక్కలే. ఆడవాళ్ల మాట కూడా సుమారుగా అక్కడే మొదలై వయొలిన్‌తో పాటే పైకి వెళుతుంది. మీ కథలో మాట్లాడేది ఇద్దరూ ఆడవాళ్లే. మీ వాద్యం, మీ పాత్రలు ఒకే చోటు కోసం తోసుకుంటాయి. మాటల కింద వయొలిన్ మానేయండి, సెల్లోతోనో తంబురా శ్రుతితోనో సరిపెట్టుకోండి. వయొలిన్‌ను మాటలు లేని చోట్లకు దాచుకోండి. మిక్స్ రోజున సంగీత దర్శకురాలిని ఇంట్లో వదిలేసి వెళ్లండి.

బి.నర్సింగరావుగారి 'దాసి' చూశారా? 1988 సినిమా, నటన, ఛాయాగ్రహణం, కళ, దుస్తులతో కలిపి 5 జాతీయ అవార్డులొచ్చాయి. ఆయన చిత్రకారుడు, కవి, సంగీతం తెలిసిన మనిషి. అన్నీ తెలిసీ, కథ జరిగే ఆ దొర గడీలో ఎంత పొదుపుగా ఉన్నారో చూడండి. తెలంగాణ ఆడమనిషి కథ తీయబోతున్నారు కాబట్టి దాన్ని ఒకసారి చూపుతో, ఇంకోసారి కళ్లు మూసుకుని చెవులతో చూడండి. నా తరఫున హోంవర్క్ అనుకోండి.

ఇక బేరం. మీ నిర్మాత మాటలో సగం నిజముంది: పేరున్న మనిషి పాట ఒకటి ఉంటే సినిమా విడుదలకు ముందు నలుగురికీ తెలుస్తుంది. రెండో సగమే తప్పు. అరవై లక్షల సినిమాకు పేరున్న సంగీత దర్శకుడు పాట ఇస్తాడేమో గానీ, రెండు గంటల ఆర్ఆర్‌కు తానే కూర్చోవడం అరుదు. ఆ పని తరచూ అసిస్టెంట్ల చేతికి వెళ్తుంది. పాటలు ఒకరు, నేపథ్య సంగీతం ఒకరు చేయడం ఇప్పుడు వింతేమీ కాదు. 'అర్జున్ రెడ్డి'కి పాటలు రధన్, ఆర్ఆర్ హర్షవర్ధన్ రామేశ్వర్. జాతీయ అవార్డుల్లో కూడా పాటలకు, నేపథ్య సంగీతానికి విడివిడిగా ఇస్తున్నారు. ఆయనతో ఇలా అనండి: "మీరు కోరిన పేరు పోస్టర్ మీద ఉంటుంది సార్, ఒక పాట ఆయన చేత చేయిద్దాం. ఆర్ఆర్ నేను చేస్తాను. నచ్చకపోతే మార్చే హక్కు మీది." చివరి మాటకు భయపడకండి. దర్శకురాలిగా మీరు ఇంకో సంగీత దర్శకుడితో పనిచేసినా ఆ మాటే కోరుకుంటారు. మిగిలిన రెండు పాటల్లో ఒకటి తీసేయండి. మీ కథ విన్నంతవరకు దానికి మూడు పాటలు అక్కర్లేదు.

డబ్బుండదన్నారు చూడండి, అక్కడ మాత్రం మెత్తబడొద్దు. కొత్తవాళ్లకిచ్చే డైరెక్షన్ అగ్రిమెంట్లలో తరచూ ఒక క్లాజు ఉంటుంది: ఈ సినిమా కోసం దర్శకుడు సృష్టించినదంతా, ఏ రూపంలోనిదైనా, శాశ్వతంగా నిర్మాతదే, దానికి ప్రతిఫలం ఈ పారితోషికంలోనే కలిసి ఉందని. ఆ ఒక్క వాక్యంలో మీ బాణీలన్నీ వెళ్లిపోతాయి. సంగీతానికి వేరే కాగితం రాయించండి, దాంట్లో అంకె చిన్నదైనా సరే, సున్నా మాత్రం కాకూడదు. డైరెక్షన్ కాగితంలో "సంగీతం మినహా" అని చేర్పించండి.

చట్టం మీకు కొంత అండగానే ఉంది. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ ప్రకారం, సినిమాలో వాడిన సంగీతానికి, సాహిత్యానికి రచయితలు రాయల్టీ హక్కును ఎవరికీ రాసివ్వలేరు, వదులుకోలేరు. వారసులకో, కాపీరైట్ సొసైటీకో తప్ప. థియేటర్‌లో సినిమాతో పాటు వినిపించినదానికి ఇది వర్తించదు. బయట ఎఫ్ఎంలో, టీవీలో, స్ట్రీమింగ్‌లో మోగినదానికి హక్కుదారుతో సమానంగా వాటా రావాలి. అది చేతికి రావాలంటే స్వరకర్తల, గీత రచయితల రాయల్టీలు వసూలు చేసే సొసైటీ ఐపీఆర్ఎస్‌లో సభ్యత్వం ఉండాలి, ప్రతి పాటనూ, ఆర్ఆర్ ముక్కలనూ అక్కడ నమోదు చేసుకోవాలి. సినిమా రిలీజయ్యాక చూద్దాంలే అనుకోకండి. ఇంకో సెక్షన్ చాలామందికి తెలియదు: హక్కులు రాసిచ్చే కాగితంలో కాలపరిమితి రాయకపోతే 5 ఏళ్లనే లెక్క, ఎక్కడిదాకా అని రాయకపోతే భారతదేశం వరకే లెక్క. ఈ రెండు గడులూ ఎదుటివాళ్ల లాయర్లు ఎప్పుడూ ఖాళీ వదలరు, "శాశ్వతంగా, విశ్వమంతటా" అని నింపుతారు. మీరు "10 ఏళ్లు, ఈ సినిమాతో పాటు" అని అడగండి. సగం ఒప్పుకున్నా మీకు లాభమే. సంతకానికి ముందు ఒక లాయరుకు చూపించండి. వయొలిన్ క్లాసుల డబ్బు ఇంతకంటే మంచి పనికి వాడలేరు.

చిన్నచిన్న గుంటలు కొన్ని ఉన్నాయి, దారిలో చెప్పేస్తాను. మీ థీమ్‌ను ముందే ఏదో మ్యూజిక్ డిస్ట్రిబ్యూటర్ ద్వారా స్ట్రీమింగ్‌లో పెట్టి కంటెంట్ ఐడీ (మీ సంగీతం యూట్యూబ్‌లో ఎక్కడ వాడినా పట్టేసే ఏర్పాటు) టిక్కు కొట్టారనుకోండి, రేపు నిర్మాత ట్రైలర్ యూట్యూబ్‌లో ఎక్కించగానే మీ పాటే మీ ట్రైలర్ మీద క్లెయిమ్ వేస్తుంది. కొన్న లూప్‌లు (రెడీమేడ్ సంగీతపు ముక్కలు) వాడిన ట్యూన్లకైతే కంటెంట్ ఐడీ జోలికే పోకండి, ఆ లూప్ ఇంకో వెయ్యిమంది దగ్గర ఉంటుంది. సినిమా సెకనుకు 24 ఫ్రేమ్‌లకు తీసి, కంప్యూటర్లో మీ సంగీతం సెషన్ 23.976లో పెట్టుకుంటే గంటకు దాదాపు 3.6 సెకన్లు జారిపోతుంది, మొదటి రీల్‌లో కనపడదు, చివర్లో ఏడిపిస్తుంది. స్టెమ్స్, అంటే ఒక్కో వాద్యం ట్రాకూ, విడివిడిగా దాచండి. వేరే భాషకు అమ్ముడైన రోజున మాటలు లేని మ్యూజిక్ అండ్ ఎఫెక్ట్స్ ట్రాక్ అడుగుతారు, అప్పుడు వెతుక్కోవడం నరకం.

మీ అన్నయ్యగారి పడవల సంగతి. ఆయన భయపడేది మీ తిండి గురించి, ఆ భయం అబద్ధం కాదు. చిన్న సినిమాల దర్శకులకు రెండు సినిమాల మధ్య ఏళ్లు గడుస్తాయి. ఆ ఖాళీలో దర్శకత్వం రూపాయి తేదు, సంగీతం తెస్తుంది: ఇతరుల షార్ట్ ఫిల్ములు, డాక్యుమెంటరీలు, ప్రకటనలు, నృత్యరూపకాలు, మీ క్లాసులు. కార్పెంటర్‌నే చూడండి. 2010లో వచ్చిన సినిమా తర్వాత ఆయన మళ్లీ థియేటర్ సినిమా డైరెక్ట్ చేయలేదు. 2015లో, అరవై ఏడేళ్ల వయసులో, కొడుకుతో కలిసి 'లాస్ట్ థీమ్స్' అని సినిమా లేని సినిమా సంగీతం ఆల్బమ్ వేశాడు. మరుసటి ఏడాది నుంచి బ్యాండ్‌తో ఊళ్లు తిరిగి కచేరీలు చేశాడు. 2018లో వేరే దర్శకుడు తీసిన 'హాలోవీన్'కి సంగీతం ఇచ్చాడు. ఒక పని ఆగినా ఇంకోటి ఆయన్ని నిలబెట్టింది. అన్నయ్యకు ఈ కథ చెప్పండి. క్లాసులు మానేయనని కూడా మాటివ్వండి, షూటింగ్ జరిగే నెలల్లో తప్ప. ఆయనకు కావాల్సింది ఆ మాటే అయి ఉంటుంది.

నేను దర్శకురాలినా, సంగీత దర్శకురాలినా అన్న ప్రశ్న మీరు నేరుగా అడగలేదు గానీ ఉత్తరం నిండా అదే ఉంది. ఈ సినిమా వరకు మీరు దర్శకురాలు, మీ దగ్గర పనిచేసే సంగీత దర్శకురాలి పేరు కూడా మీదే. ఆవిడకు జీతం ఇవ్వండి, గడువు పెట్టండి, అవసరమైతే ట్యూన్ తిప్పికొట్టండి.

టైటిల్స్ గురించి అడిగారు. రెండుసార్లు వద్దు. అమెరికా దర్శకులు కోయెన్ సోదరులు తమ సినిమాల ఎడిటింగ్‌కు రోడెరిక్ జేన్స్ అనే లేని మనిషి పేరు వేసుకుంటే ఆ పేరుకు రెండుసార్లు ఆస్కార్ నామినేషన్ వచ్చింది. అలాంటి సరదా మీకు అనవసరం. మొదటి సినిమాలో పేరు దాచుకుంటే నష్టం మీకే. చివరి కార్డులో "సంగీతం - దర్శకత్వం" అని కలిపి ఒక్కసారి వేసుకోండి, తెలుగు ప్రేక్షకులకు అలవాటైన కార్డే. ఆర్ఆర్‌కు వచ్చి వాయించినవాళ్ల పేర్లు మాత్రం ఎండ్ టైటిల్స్‌లో "ఆర్కెస్ట్రా" అని ఒక్క మాటలో తోసేయకండి. సెల్లో ఎవరు, ఫ్లూట్ ఎవరు, డప్పు ఎవరు - ఒక్కొక్కరి పేరూ, పక్కన వాద్యం. ప్రోగ్రామర్ పేరుకు విడి కార్డు. సెషన్ రోజునే అందరి దగ్గరా పేరు స్పెల్లింగ్ రాయించుకోండి, తర్వాత ఫోన్లు చేసి అడగడం ఎవరికీ కుదరదు.